ఒక్క ఓడ డబ్బుకు 233 ఓడలు! ఇది ప్రకృతి మహిమ అంటారా?

ఒక్క ఓడ కట్టిన డబ్బుకు 233 ఓడలు అమ్మేశారు. మళ్లీ చెబుతాను, రెండు వందల ముప్పై మూడు! మా నల్లగొండ సంతలో ముసలి ఎద్దును కూడా ఆ బేరానికి ఎవరూ వదలరు.

ఆ ఫోటోలు మీరందరూ చూసే ఉంటారు. అమెరికాలో మేరీల్యాండ్ ఒడ్డున, పొటోమాక్ నదిలో మ్యాలోస్ బే. నీళ్లలో ఓడ ఆకారంలో పచ్చని దీవులు, వాటిపై చెట్లు, గద్దల గూళ్లు. చూసినవాళ్లందరూ 'ఆహా, ప్రకృతి మహిమ' అంటున్నారు. 2019లో దానికి జాతీయ సముద్ర అభయారణ్యం హోదా కూడా ఇచ్చారు. నాకైతే ఒళ్లు మండుతోంది.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగగానే, 18 నెలల్లో వెయ్యి చెక్క ఓడలు కావాలన్నారు. పనామా కాలువ కట్టించిన గోథల్స్ అప్పుడు ఆ పనికి పెద్ద. చెక్క వద్దు, ఉక్కు కావాలని మొత్తుకున్నాడు. ఫలితం? జులైలో ఆయనే రాజీనామా చేసి ఇంటికి వెళ్లాడు! పచ్చి కలపతో తలుపు చేయమంటే మా వీధి వడ్రంగి ఉలి కింద పెట్టి మన ముఖంలోకి చూస్తాడు. వీళ్లు ఆ కలపతో మూడు వందల అడుగుల ఓడలు కట్టారు. కారవా మరి? 1918 నవంబరులో యుద్ధం ముగిసే నాటికి వాటిలో ఒక్కటీ అట్లాంటిక్ దాటలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కో ఓడకు అయిన ఖర్చు ఏడు లక్షల నుంచి పది లక్షల డాలర్లు. 1922లో మొత్తం 233 ఓడలు కలిపి ఏడున్నర లక్షలకు తుక్కు కంపెనీకి పోయాయి. అంటే ఓడకు సుమారు 3,200! ఆ కంపెనీ ఇనుము కోసం 1925లో ఒకే రోజు 31 ఓడలను తగలబెట్టింది. తరువాత అదీ దివాలా తీసింది. మిగిలిన మొండేలే మీరు మెచ్చుకుంటున్న దీవులు.

సోమశిల రేవులో జాలరిని అడగండి. పుట్టికి చిల్లు పడితే తారు పూస్తాడు, మళ్లీ చిల్లు పడితే మళ్లీ పూస్తాడు. సొంత డబ్బు కదా! సాగర్ నీళ్లు వచ్చే ముందు నాగార్జునకొండ లోయను ఏళ్ల తరబడి తవ్వి, దొరికిన కట్టడాలను కొండ మీదికి మోసి మళ్లీ నిలబెట్టుకున్నాం. దానిని వారసత్వం అంటారు. పారేసిన చోటే చెట్టు మొలిస్తే అది వారసత్వం ఎలా అవుతుంది?

నా సిద్ధాంతం ఒక్కటే: ప్రజాధనం లెక్క మూసేయాలంటే దాని మీద చెట్లు పెరగనిస్తే చాలు. వందేళ్లకు ఎవరో వచ్చి ఫోటో తీస్తారు, ఇంకెవరో 'అభయారణ్యం' అని బోర్డు పెడతారు. కోపం వస్తే రానివ్వండి, గద్దలతో నాకు పేచీ లేదు. ఆ బోర్డు మీద గద్ద పేరు పక్కనే ఓడ ఖరీదు, అమ్మిన ధర రాయమనండి చూద్దాం!