సాకు వెనకాల వస్తుంది

అందరికీ నమస్కారం.

హెల్మెట్ బండి అద్దానికే వేలాడుతుంటుంది. "ఎందుకప్పా పెట్టుకోలేదు?" అంటే కర్నూల్లో జవాబు తడుముకోకుండా వస్తుంది: "సి.క్యాంపు నుంచి కొండారెడ్డి బురుజు కాడికే గదా, ఏమైతాది!" దూరం లెక్కేసుకుని హెల్మెట్ వదిలేశామా, వదిలేశాక దూరం గుర్తొచ్చిందా? చాలాసార్లు రెండోదే.

నమ్మేదీ చేసేదీ పొసగకపోతే మనసు నలుగుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింజర్ 1957లో వివరించాడు. చేసేసిన పని మారదు కాబట్టి నమ్మకాన్నే వంచుకుంటాం. ఆయన, తోటి పరిశోధకుడు కార్ల్‌స్మిత్ కలిసి 1959లో ప్రచురించిన ప్రయోగం చూడండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత అరగంట 12 దారపు కండెలను పళ్లెంలో సర్దించి, తీయించి, మళ్లీ సర్దించారు. మరో అరగంట 48 మేకులను పావు చుట్టు చొప్పున తిప్పించారు. వట్టి విసుగు. తర్వాత, వంతు కోసం కూర్చున్న మనిషికి "భలే సరదాగా ఉంది" అని చెప్పమన్నారు. అందుకు కొందరికి 1 డాలరు, కొందరికి 20 డాలర్లు. చివరికి ఆ పని బాగుందని ఎక్కువగా అన్నది 1 డాలరు వాళ్లే! 20 తీసుకున్నవాళ్లకు అబద్ధానికి డబ్బే కారణం. 1 డాలరు అందుకు చాలలేదు, కాబట్టి తమ మాటను తామే నమ్మేశారు.

అందుకే సాకు చెప్పేవాణ్ణి అబద్ధాలకోరని తిట్టకండి. వాడు మనస్ఫూర్తిగానే చెబుతాడు. నలుగురిలో నిలదీస్తే ఇంకో నాలుగు సాకులు వెతుక్కుంటాడు.

కారణమో సాకో తేల్చుకోవాలంటే అడ్డు తీసి చూడాలి. "చెమట పడుతుంది" అన్నారా, లోపల పలుచని నూలు గుడ్డ కట్టుకోండి. హెల్మెట్ తలకెక్కితే అది కారణమే. "హారన్ వినపడదు" అని ఇంకోటి వచ్చిందా, మొదటిది సాకు. పట్టీ తెగిపోవడం మాత్రం నిజమైన కారణం, దాన్ని కుట్టించకండి, ఈ పూటే కొత్తది వేయించండి.

"రేపట్నుంచి జాగ్రత్తగా ఉంటా" అన్న తీర్మానం నిలవదు, ఎప్పుడు, ఏం చేయాలో అందులో లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చెప్పే పద్ధతి వేరు: "ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తా" అని రెంటినీ ముందే ముడిపెట్టుకోవాలి. "తాళం చేతికి రాగానే పట్టీ బిగిస్తా, ఆ తర్వాతే స్టార్ట్ చేస్తా." తాళాన్ని హెల్మెట్‌లోనే పెట్టండి. ఇంట్లో ఇంకెవరైనా తాళాన్ని మేకుకు తగిలిస్తే ఈ ముడి తెగుతుంది, వాళ్లకూ చెప్పాలి. గడ్డం కింద పట్టీ సందులో రెండు వేళ్లకు మించి పట్టకూడదు. వెనక కూర్చునేవారికి రెండో హెల్మెట్ కూడా ఆ తాళం దగ్గరే ఉండాలి.