ఒక్క కన్నే ఉందని ఒప్పుకోమంటే

శ్రోతలకు నమస్కారం.

మీకు రెండు కళ్లున్నాయి. పెద్దలంతా కూర్చుని, "కాదు, నీకున్నది ఒక్క కన్నే, ఒప్పుకో" అన్నారనుకోండి. ఒప్పుకుంటే ప్రాణం దక్కుతుంది. ఏం చేస్తారు?

ఇది నేను అల్లిన కథ కాదు. 1415లో జర్మనీలోని కాన్‌స్టన్స్ పట్నంలో బందీగా ఉన్న యాన్ హుస్‌తో ఒక పండితుడు అచ్చం ఇలాగే అన్నాడు. చర్చి పెద్దల మహాసభ నీకు ఒక్క కన్నే ఉందంటే నువ్వూ అవుననాలి అని. లోకమంతా చెప్పినా సరే, బుద్ధి ఉన్నంతవరకూ మనస్సాక్షిని చంపుకుని ఆ మాట అనలేనన్నాడు హుస్.

హుస్ ప్రాగ్ నగరంలో ఫాదర్, విశ్వవిద్యాలయంలో పంతులు. 1402 నుంచి బెత్లెహేమ్ చాపెల్‌లో జనం మాట్లాడుకునే చెక్ భాషలో ప్రసంగించేవాడు. అప్పట్లో నేనే పోపునని చెప్పుకునేవాళ్లు ముగ్గురు! వాళ్లలో 23వ జాన్ అనే ఆయన నేపుల్స్ రాజు మీద యుద్ధానికి డబ్బు కావాలని 1412లో పాప పరిహార పత్రాలు, అంటే డబ్బిస్తే పాపానికి శిక్ష తప్పుతుందనే కాగితాలు, అమ్మించాడు. హుస్ ఊరుకోలేదు. అంతదాకా వెనకేసుకొచ్చిన సొంత దేశపు రాజు కూడా చేయి వదిలేశాడు. హుస్‌ను చర్చి వెలివేసింది.

జర్మనీ రాజు సిగిస్మండ్ అభయపత్రం ఇస్తానంటే నమ్మి, 1414 నవంబరులో కాన్‌స్టన్స్‌లో జరిగే ఆ మహాసభకు వెళ్లాడు. నెల తిరగకుండానే పట్టుకుని, సరస్సు ఒడ్డున ఒక మఠంలో, మరుగుదొడ్డి పక్క గదిలో పడేశారు. జ్వరంతో మంచం పట్టాడు.

చిత్రమేమిటంటే, ఆ సభలో ఉన్నవాళ్లంతా చర్చి బాగుపడకూడదనుకునే రకం కాదు. విచారణ నడిపిన కార్డినల్ పియర్ డాయీ స్వయంగా సంస్కరణ కోరినవాడే. ఆ పోపు జాన్‌నీ అదే సభ పదవి నుంచి దించింది. దించి, హుస్‌ను అంతకుముందు ఉంచిన గాట్‌లీబెన్ కోటలోనే బంధించింది!

మరి పేచీ ఎక్కడ? ఒక్క మాట దగ్గర. చర్చి మతానికి విరుద్ధంగా బోధించాడని తప్పుల జాబితా మోపి, "ఈ తప్పులు వదులుకుంటున్నాను" అని ప్రమాణం చెయ్యమన్నారు. అందులో తానెన్నడూ అనని మాటలు బోలెడున్నాయి. అననిదాన్ని వదులుకుంటున్నానంటే, ఇదివరకు అన్నట్టేగా? అది దేవుడి ముందు అబద్ధం. పాపమేదైనా ఉంటే అది చేయించినవాళ్లకే పోతుందని ఆయన మేలు కోరిన పెద్దమనిషి ఒకరు నచ్చజెప్పబోయారు. వినలేదు. నిజం చెప్పొద్దూ, ఆ పెద్దమనిషి మీద నాకు కోపం రాదు. మన ఇళ్లలో అమ్మానాన్నలైనా అలాగే చెబుతారు.

జులై 6న ప్రధాన చర్చిలో శిక్ష చదివారు. ఫాదర్ దుస్తులు ఒక్కొక్కటే ఒలిచారు. ఫాదర్ అన్నందుకు నడినెత్తిన గొరిగిన గుర్తును చెరపాలి. మంగలికత్తితోనా, కత్తెరతోనా అని బిషప్పులు వాదులాడుకున్నారు. నన్ను అవమానించడంలో కూడా వీళ్లకు మాట కలవడం లేదని హుస్ రాజు సిగిస్మండ్ వైపు తిరిగి అన్నాడు. చివరికి కత్తెరే తెచ్చారు. దయ్యాల బొమ్మలు వేసిన కాగితం టోపీ పెట్టి ఊరి బయటికి నడిపించారు.

అక్కడ బతికుండగానే కాల్చడానికి ఆయన చుట్టూ కట్టెలు గొంతుదాకా పేర్చారు. చచ్చినవాడి బట్టలు తలారులకు దక్కడం ఆనవాయితీ. ఆ రోజు మాత్రం అంగీ, చెప్పులు కూడా మంటలో వెయ్యమన్నారు, చెక్ జనం వాటిని తీసుకుపోయి కళ్లకద్దుకుంటారని. మీకు రావలసిన డబ్బు మేమిస్తాంలే అని తలారులకు మాటిచ్చారు.