బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోందా? డిస్కులు మార్చే ముందు ఈ గేజ్ పెట్టి చూడండి

నమస్కారం అండీ. విజయవాడ ఆటోనగర్‌లో ఉన్నాను, వెనక సుత్తి దెబ్బలు వినిపిస్తే ఏమనుకోకండి.

నా చేతిలో ఉన్నది డయల్ గేజ్, డిస్కు తిరిగేటప్పుడు ఎంత ఊగుతోందో ముల్లుతో చూపిస్తుంది. ఇది దాని మాగ్నెట్ స్టాండ్. రెండూ కలిపి 2 వేల లోపే పడ్డాయి. ముందే కొనుంటే నాకు ఒక జత డిస్కుల ఖర్చు తప్పేది.

ఏం జరిగిందంటే, గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్ గేటు ముందు 100 స్పీడులో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ గజగజలాడేది. 40లో తొక్కితే ఏమీ లేదు. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, బండి నడిపి చూడకుండానే "డిస్కులు వంగాయి సార్" అని మార్చేశారు. వణుకు ఆగింది. 4 వేల కిలోమీటర్లు తిరిగేసరికి మళ్లీ అదే వణుకు!

బ్రేక్ తొక్కకపోయినా వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్, టైర్లు చూపించుకోండి. తొక్కినప్పుడే వణికితే బ్రేకుల్లోనే ఉంది. స్టీరింగ్‌లో తెలిస్తే ఎక్కువగా ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనకవి.

ఇప్పుడు ఇటు చూడండి. చక్రం తీసేసి, డిస్కుని నట్లతో బిగించాను. గేజ్ మొన డిస్క్ అంచుకి ఒక సెంటీమీటరు లోపల ఆనింది. చేత్తో మెల్లగా తిప్పుతున్నాను... ముల్లు 11 గీతలు కదిలింది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. చాలా కార్లకి 5 గీతలు దాటితేనే ఎక్కువ, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి.

ఎత్తుగా ఉన్నచోట డిస్కు మీదా, అది కూర్చునే హబ్ మీదా సుద్దతో గీత పెట్టి, డిస్కుని ఒక బోల్టు పక్కకి జరిపి బిగించాను. ఎత్తు డిస్కుతో రాలేదు, హబ్ గీత దగ్గరే ఉండిపోయింది. అంటే తేడా హబ్‌ది. డిస్కు ఊడదీస్తే, ఇదిగో, చింతగింజంత తుప్పు పెచ్చు! పాత డిస్కు తీసినప్పుడు దీన్ని గోకకుండానే కొత్తది ఎక్కించారు. వైర్ బ్రష్‌తో రుద్ది మళ్లీ పెడితే 3 గీతలే.

మరి 4 వేల కిలోమీటర్ల దాకా వణుకు ఎందుకు రాలేదంటారా? డిస్కు కాస్త ఊగుతుంటే, బ్రేక్ తొక్కకపోయినా ఎత్తుగా ఉన్నచోట ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది. ఆ చోటు అరిగి పలచబడుతుంది. అప్పుడు మొదలవుతుంది వణుకు. అందుకే హబ్ శుభ్రం చేసినా నా డిస్కులు లేత్ మీద పట్టించి సమం చేయించక తప్పలేదు. కనీస మందం డిస్కు మీదే రాసి ఉంటుంది, అంతకంటే తగ్గేలా ఉంటే పట్టించొద్దు, మార్చేయండి. చక్రం బిగించేటప్పుడు కూడా గన్‌తో టకటకా కొట్టించకుండా బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో ఎదురెదురు నట్లు బిగించమనండి.

గేజ్ విషయానికొస్తే, ముల్లు సాఫీగా కదులుతోంది. స్టాండే బలహీనం, రెండుసార్లు జారింది. పైగా అల్యూమినియం నకిల్ (హబ్‌ని పట్టి ఉంచే భాగం) ఉన్న బండికి మాగ్నెట్ అసలు అతుక్కోదు, క్లాంపు కొనాలి. మందం తేడా దీంతో తేలదు, దానికి మైక్రోమీటర్ కావాలి. నేనింకా కొనలేదు, లేత్ షాపు ఆయన దగ్గరే అడిగి వాడుకున్నాను.