చూద్దాం అన్న మాటకు తేదీ

శ్రోతలకు నమస్కారం.

జీతాల ఒప్పందం అంటే ఏమిటో విశాఖపట్నం వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పోర్టు ఉన్న ఊరు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊరు మనది. వేజ్ రివిజన్ ఎక్కడ ఆగిందో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. 2024 ఆగస్టులో పోర్టు సంఘాలు సమ్మెకు తేదీ పెట్టాక, తెల్లవారితే సమ్మె అనగా ఒప్పందం కుదిరింది. 8.5 శాతం పెంపు, 2022 జనవరి 1 నుంచి లెక్క.

మరి యూనివర్సిటీ సంగతి? యూనివర్సిటీ అనగానే మనకు ప్రొఫెసర్లే గుర్తొస్తారు. ల్యాబ్ టెక్నీషియన్, లైబ్రరీ అసిస్టెంట్, పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్, కంప్యూటర్ ప్రోగ్రామర్ గుర్తుకు రారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. కార్మిక సంఘాల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. అయినా చదువు చెప్పే చోట పనిచేసేవాళ్లకు కార్మిక చట్టాల రక్షణ తేలిగ్గా దొరకలేదు. ఢిల్లీలో అమ్మాయిల కాలేజీ బస్సులు నడిపే డ్రైవర్లను తీసేస్తే, యూనివర్సిటీ పరిశ్రమ కాదు, పారిశ్రామిక వివాదాల చట్టం మీకు వర్తించదు అని 1963లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట మారడానికి 15 ఏళ్లు పట్టింది. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. ఈ కొత్త కేసులో ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. ఆ డ్రైవర్ల గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

సరే, అసలు విషయానికొస్తాను. మన రాష్ట్రంలో జీతం స్కేలు పీఆర్సీతో, అంటే ప్రభుత్వం వేసే వేతన సవరణ సంఘంతో తేలుతుంది, క్యాంపస్‌లో తేలదు. క్యాంపస్‌లో యాజమాన్యంతో మాట్లాడుకునేవి వేరు. ప్రమోషన్లు, కాంట్రాక్టు వాళ్లకు రెగ్యులర్ వాళ్ల తరహా టైమ్ స్కేలు, సెలవులు, ఆదివారం డ్యూటీకి బదులు సెలవు. చిన్నవిగా కనిపిస్తాయి కానీ, బతుకంతా వీటిమీదే నడుస్తుంది.

నేను విశాఖకు రాకముందు ఒక యూనివర్సిటీలో పనిచేశాను. పేరు వద్దు. సంఘం తరఫున చర్చలకు వెళ్లే ఐదుగురిలో నేనొకణ్ని. పరీక్షల సీజన్లో మా వాళ్లు వరసగా ఆదివారాలు పనిచేసేవారు. దానికి బదులు సెలవు కావాలని అడిగాం. కమిటీ హాల్లో కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు, మర్యాదగా విన్నారు. చివర్లో ఒక పెద్దాయన, ‘చూద్దాం లెండి, మీరు మనవాళ్లేగా’ అన్నారు. మేం సంతోషంగా బయటికొచ్చి, గేటు దగ్గర మా వాళ్లకు ‘ఒప్పుకున్నారు’ అని చెప్పాం. చప్పట్లు కొట్టారు.

మూడు నెలలు గడిచాయి. ఆ పెద్దాయన బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన, ‘కాగితం ఉందా?’ అని అడిగారు. లేదు. మా ల్యాబ్‌లో ఒక అక్క ఉండేది. ఆవిడ నా దగ్గరికొచ్చి, ‘తమ్ముడూ, చూద్దామన్నారు కదా, ఎంతవరకు చూశారట?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

రెండోసారి వెళ్లినప్పుడు ముందే ఒక్కటి అడిగాం. డబ్బు కాదు. టైపిస్టును లోపల కూర్చోబెట్టమన్నాం. చర్చల మినిట్స్, అంటే ఏం తేలిందో ఆ రాత, ఆ బల్ల మీదే రాయాలి, లేచేలోపు రెండు వైపులా సంతకాలు కావాలి అన్నాం. ప్రతి అంశానికీ మూడు మాటలు: ఏం చేస్తారు, ఎవరు చేస్తారు, ఏ తేదీలోపు చేస్తారు. ఏం, ఎవరు, ఎప్పుడు.

ఆదివారాల దగ్గర ముప్పావు గంట ఆగిపోయాం, ఒక్క మాట దగ్గర. వాళ్లు ‘పరిశీలిస్తాం’ అని రాయమన్నారు. మేం ఒప్పుకోలేదు. చివరికి ‘వచ్చే పాలకమండలి సమావేశం అజెండాలో పెడతాం’ అని రాశారు. పరిశీలించారో లేదో ఎవరికి తెలుస్తుంది? అజెండాలో పెట్టారో లేదో మాత్రం అందరికీ తెలుస్తుంది. పెట్టారు. ఆమోదం వచ్చింది. ఆ వేసవి పరీక్షలు అయ్యాక, అక్క బదులు సెలవులన్నీ కలిపి పెట్టుకుని కూతురి దగ్గరికి వెళ్లింది.

అందుకే చర్చలకు వెళ్లే ప్రతి తమ్ముడికీ, చెల్లికీ నేను చెప్పేది ఒక్కటే. గట్టిగా మాట్లాడేవాళ్లు మీలో ఎలాగూ ఉంటారు. చక్కగా రాసేవాళ్లను ఒకరిని తీసుకెళ్లండి. వాళ్లకు వేరే పని పెట్టకండి, రాయడమే వాళ్ల పని. లేచేముందు రాసింది పైకి చదివించండి. సంతకం అయ్యాకే కుర్చీలోంచి లేవండి.

ఆ మినిట్స్ జిరాక్స్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మొత్తం ఆరు అంశాలు. ఆరోది లైబ్రరీ వాళ్ల ప్రమోషన్లు. అప్పటికి సాయంత్రం ఆరు దాటింది, అందరం అలిసిపోయాం. ‘ఏ తేదీలోపు’ అన్నచోట ‘త్వరలో’ అని రాస్తే, సరేనని సంతకం పెట్టేశాం. మా లైబ్రరీ అసిస్టెంట్ ఒకాయన లైబ్రరీ అసిస్టెంట్‌గానే రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఆయన పక్కనే కూర్చున్నాను.

సెలవు. నమస్కారం.