చెస్టర్‌ఫీల్డ్ చర్చి గోపురం ఎందుకు మెలిక తిరిగింది?

అందరికీ నమస్కారం. పాత చర్చిని చూసినప్పుడు దాని చరిత్రను ఎలా చదవాలో ఈ వీడియోలో చెబుతాను. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో చెస్టర్‌ఫీల్డ్ అని ఒక సంత ఊరుంది. 1204లో జాన్ రాజు దానికి సంత పెట్టుకునే హక్కు పత్రం ఇచ్చాడు. అక్కడి పారిష్ చర్చి, అంటే ఆ ఊరివాళ్ల చర్చి, పేరు సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్.

ముందు పైకి చూడండి, టవర్ మీద మొనదేలిన గోపురం కనబడుతుంది. నేల నుంచి 228 అడుగుల ఎత్తున్న ఈ గోపురం కింది నుంచి కొసదాకా 45 డిగ్రీలు మెలి తిరిగింది. కొస తొమ్మిది అడుగులకు పైగా పక్కకు ఒరిగింది. కట్టింది 14వ శతాబ్దంలో.

ఎందుకిలా అయింది? ఊళ్లో చెప్పే కథ ఒకటుంది. బోల్సోవర్ కమ్మరి ఒకడు దయ్యం కాలికి నాడా కొడుతూ మేకు మాంసంలోకి దిగగొట్టాడట. ఆ నొప్పితో ఎగిరిన దయ్యం గోపురాన్ని తన్నిందట! నాకు ఈ కథ చాలా ఇష్టం. కానీ అసలు జవాబు కర్రలోనే ఉంది.

లోపలి చట్రమంతా కలపే. ఆ రోజుల్లో పచ్చి కర్రతోనే పని చేసేవారు, ఆరబెట్టిన కర్రను కోయడం కష్టం కాబట్టి. ఆరేకొద్దీ పచ్చికర్ర వంగుతుంది. చట్రాన్ని బిగించే అడ్డకర్రలు ఇక్కడ చాలినన్ని లేవు. దానిపైన సుమారు 33 టన్నుల సీసం రేకులు! ఎండ పడే వైపు సీసం ఎక్కువగా వ్యాకోచిస్తుంది, అదీ మెలికకు తోడైంది. 1349 ప్లేగులో పనితెలిసిన వడ్రంగులు చాలామంది పోయారని, అందుకే ఈ లోపాలు వచ్చాయని కూడా అంటారు. నాకది నమ్మదగ్గదే అనిపిస్తుంది.

ఇప్పుడు దగ్గరగా చూద్దాం. సీసం రేకులను చేప ముల్లులా ఏటవాలుగా పరిచారు, కనబడుతోందా? ఈ గీతల వల్ల ఉన్న మెలిక మన కంటికి ఇంకా ఎక్కువగా తోస్తుంది. చర్చి చుట్టూ నడిస్తే ఒక్కో వైపు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకోండి.

ఇక లోపలికి. 1961 డిసెంబర్ 22న ఇక్కడ అగ్నిప్రమాదం జరిగింది. ఉత్తరం వైపు భాగం కాలిపోయింది, 1756 నాటి ఆర్గన్ అనే గొట్టాల వాద్యం కూడా పోయింది. ఇప్పుడు వినబడే ఆర్గన్ గ్లాస్గో నుంచి తెచ్చింది. మంటలు గోపురందాకా పోలేదు. అంత పాత కలప అది, ఒక్క రవ్వ అంటుకుంటే చాలు!

టవర్ టూర్ ఉన్న రోజున వెళితే మెట్లెక్కి గోపురం కాళ్లదాకా పోవచ్చు. ఆ కర్రల అతుకులను ఒక్కసారి పరీక్షగా చూడండి.