తేనె పెట్టెల మీద ఫోన్-ఇన్: పూత మీద మందు కొట్టకండి

యాంకర్: నమస్కారం అండి, ఈరోజు తేనెటీగల పెంపకం గురించి, సార్ మనతోనే ఉన్నారు. కాల్స్ అప్పుడే వచ్చేస్తున్నాయి. హలో, చెప్పండి?

కాలర్ (మందస వైపు): హలో, సారూ వినబడతందా? మాది ఉద్దానం సారూ, జీడితోట ఎకరన్నర ఉంది, కొబ్బరిచెట్లు 2018లో తిత్లీ తుఫానుకి పోనాయి, ఏవో కొన్ని మిగిలినాయి, సరే అదలా ఉంచండి, మా అల్లుడు చెప్తే ఐదు తేనె పెట్టెలు పెట్టినాం, పుట్టతేనె ఈగలే, పోయిన వానాకాలం చూస్తే నాలుగు పెట్టెలు ఖాళీ, ఒక్క ఈగ లేదు. పక్క తోటోళ్లు జీడి చిగురు పీల్చే టీదోమకి మందు కొట్టినారు కదా దానివల్లే అని నానంటాను, మా ఆవిడేమో సెల్ టవరు అంటది. ఏటి సేయాల సారూ?

నిపుణుడు: పెట్టె ముందు ఈగలు చచ్చి పడున్నాయా?

కాలర్: లేవండి, నేల శుభ్రంగా ఉంది. లోపల మాత్రం బూజు బూజుగా, తెల్ల పురుగులు పాకుతున్నాయి.

నిపుణుడు: అయితే మందు కాదు. మందు తగిలితే పెట్టె గడప ముందే గుట్టగా పడిపోతాయి, నాలుక బయటపెట్టి, కొన్ని నేల మీద గింగిరాలు కొడుతూ చస్తాయి. మీవి చావలేదు, ఇల్లొదిలి వెళ్లిపోయాయి. ఆ బూజు మైనపు పురుగుది, ఈగలు బలంగా ఉంటే దాన్ని అవే బయటికి ఈడ్చేస్తాయి, నీరసపడితేనే అది జొరబడుద్ది. టవరు సంగతి వదిలేయండి. తేనె ఎప్పుడు తీశారు?

కాలర్: జీడి పూత అయిపోయాక, ఏప్రిల్‌లో. రేటు బావుందని మొత్తం తీసేసినాం.

నిపుణుడు: మొత్తమా? కింద ఈగపిల్లలు పెరిగే పిల్లగదిలోది కూడానా?

కాలర్: అదీ కొంచెం... అల్లుడు పిండీసినాడు సారూ.

నిపుణుడు: అక్కడే పోయాయి బాబూ. పై అరలో తేనె మనది, కింద అరలోది వాటిది. జూన్ దాటాక వానల్లో ఈగకి మేత దొరకదు, దాచుకున్నదే తిని బతకాలి. ఇంట్లో బియ్యం మనం ఎత్తుకుపోతే అవి మాత్రం ఎందుకుంటాయి? పంచదార పాకం పెట్టారా పోనీ?

కాలర్: పంచదారా? అది ఎవరూ చెప్పలేదండి.

నిపుణుడు: కిలో పంచదార లీటరు నీళ్లలో కరిగించి, చల్లారాక, సాయంత్రం పూట పెట్టె లోపలే పెట్టాలి, అందులో నాలుగు పుల్లలు వేయండి ఈగలు మునిగిపోకుండా. బయట ఒలకనివ్వకండి, చీమలు పడతాయి, పక్క పెట్టెల ఈగలు దోపిడీకొస్తాయి.

కాలర్: అలాగేనండి. అయితే సారూ, పక్కోళ్ల మందు వల్ల కాదంటారా?

నిపుణుడు: ఇప్పుడేగా చెప్పాను! మీ పెట్టెలకి కాదు. కానీ ఆ మాట మీరు ఎత్తారు కాబట్టి ఉద్దానం వాళ్లందరికీ చెప్తున్నా, పూత మీద మందు కొట్టకండి. ఇప్పుడు జనవరి, జీడి పూత వస్తోంది, ఆ పువ్వు గింజ కట్టాలంటే ఈగ, చీమ ఏదో ఒకటి దాని మీద వాలాలి. పువ్వు విచ్చక ముందే, చిగురు మీదే కొట్టుకోండి. తప్పదంటే చీకటి పడ్డాక, ఈగలు గూటికి చేరాక. ముందురోజే పక్కోడికి చెప్పండి, వాడు రాత్రి తన పెట్టె గడపకి జాలీ కట్టి, పైన తడి గోనె కప్పుకుంటాడు. మాటే కదా, డబ్బేం కాదు.

కాలర్: మరి మిగిలిన ఆ ఒక్క పెట్టె సారూ, అదీ ఎల్పోద్దా?

నిపుణుడు: పోదు, కంగారుపడకండి. ఈగలు కప్పలేని ఖాళీ పట్లు తీసేయండి, పురుగు పెరిగేది అక్కడే. వారానికోసారి అడుగుపలక తుడవండి, చీమలెక్కకుండా పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. పూతకి బలం పట్టాక దాన్నే రెండు చేసుకోవచ్చు, అలా చేసుకుంటూ పోతే మెల్లగా మళ్లీ ఐదు అవుతాయి.

యాంకర్: థాంక్యూ అండి. తర్వాత కాలర్?

కాలర్ (మెళియాపుట్టి వైపు): సార్, మా కొండమీద పెద్ద పట్లు ఉంటాయి, మావోళ్లు మంట పెట్టి తీస్తారు, ఏడాదేడాదికి తగ్గిపోతన్నాయి.

నిపుణుడు: మంటతో రాణీ పోద్ది, పిల్లలూ పోతాయమ్మా. పచ్చాకుతో పొగ పెట్టండి చాలు. తేనె ఉన్న తల భాగం కోసుకుని పిల్లల భాగం కొమ్మకే వదిలేయండి. పట్టు పిండకండి, పిల్లలు నలిగి తేనె పులిసిపోద్ది.

యాంకర్: గజపతినగరం నుంచి, చెప్పండి.

కాలర్: సార్ తేనె గడ్డకట్టింది, కల్తీయేనా?

నిపుణుడు: గడ్డకట్టినంత మాత్రాన కాదు. అగ్గిపుల్ల పరీక్షలూ నమ్మకండి, ల్యాబ్‌లోనే తేలుద్ది. గోరువెచ్చటి నీళ్లలో సీసా పెట్టండి కరుగుద్ది. ఇంకోటి, ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించకండి, ఒక్క చుక్క కూడా వద్దు.

యాంకర్: లాస్ట్ కాల్, బొబ్బిలి. త్వరగా అండి.

కాలర్: మామిడికి పూత రసం పీల్చే తేనెమంచు పురుగు పట్టింది సార్, రేపు పొద్దున్న స్ప్రేకి మనుషుల్ని మాట్లాడేశాను, ఏ మందు...

నిపుణుడు: ఆగండాగండి. పూత విచ్చిందా?

కాలర్: సగం విచ్చింది సార్.

నిపుణుడు: పొద్దున్న వద్దు బాబూ, ఈగలు పువ్వు మీదుండేది అప్పుడే. ఆ మనుషుల్ని సాయంత్రానికి మార్చుకోండి. చుట్టుపక్కల పెట్టెలున్నాయా?

కాలర్: మా పిన్నిగారి తోటలో ఉన్నాయండి.

నిపుణుడు: అయితే ఫోన్ పెట్టేసి ముందు ఆవిడకి చెయ్యండి.

యాంకర్: టైం అయిపోయింది సార్, ధన్యవాదాలు. నమస్కారం.