నలభై పఫ్‌ల మాత్ర

(ఒంగోలులో ఫార్మసీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉబ్బసం గురించి చెప్పమన్నారు. నేను డేవిడ్ జాక్ అనే ఆయన గురించి చెబుతాను. ఆయాసానికి మన ఇళ్లల్లో వాడే పంపు (ఇన్‌హేలర్) మందుల్లో ముఖ్యమైనవి కొన్ని ఆయన బృందం చేతుల మీదుగా వచ్చినవే.

జాక్ 1924లో స్కాట్లాండ్‌లో ఒక బొగ్గుగని కార్మికుడి ఇంట్లో పుట్టారు. మొదట మందుల షాపులో పని నేర్చుకుని, ఆ తర్వాత ఫార్మసీ చదివారు. 1961లో ఇంగ్లండ్‌లో వేర్ అనే ఊళ్లో అలెన్ అండ్ హాన్‌బరీస్ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతిగా వెళ్లారు. తర్వాత సర్ బిరుదూ వచ్చింది, అది అలా ఉంచండి.

అప్పట్లో ఆయాసానికి ఐసోప్రెనలిన్ పంపు కొట్టేవాళ్లు. ఊపిరి గొట్టాలు తెరుచుకునేవి, దాంతోపాటు గుండే దడదడలాడేది. పైగా ఒంట్లోని ఒక ఎంజైమ్ ఆ మందును త్వరగా పాడుచేసేది. పని అయిపోగానే మళ్లీ పఫ్, మళ్లీ పఫ్. 1960లలో బ్రిటన్‌లో ఉబ్బసం మరణాలు పెరిగితే, డోసు ఎక్కువున్న ఈ పంపుల మీదే అనుమానం పడింది. జాక్ బృందం ఆ ఎంజైమ్ పట్టుకునే చోటనే అణువును మార్చింది. అలా వచ్చింది సాల్బ్యుటమాల్. 1969లో అమ్మకానికి పెట్టారు. నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది, గుండె జోలికి వెళ్లేది చాలా తక్కువ.

ఇక్కడ పిల్లలు ఒక లెక్క రాసుకోండి. సాల్బ్యుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములది దొరుకుతుంది. పంపులో ఒక్క పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్రలో నలభై పఫ్‌ల మందు! అది కడుపులోకి, రక్తంలోకి, ఒళ్లంతా తిరిగి కాస్త ఊపిరితిత్తులకు చేరుతుంది. చేతులు వణికేది అందుకే. అయినా మన వైపు "పంపు వద్దు సార్, అలవాటైపోతుంది, మాత్ర రాయండి" అంటారు. ఆడపిల్ల తల్లయితే పెళ్లి చూపుల నాడు పంపు బీరువాలో దాచేస్తుంది. భయపడాల్సింది దేనికో, పడుతున్నది దేనికో చూడండి.

జాక్ పట్టు కూడా ఇదే: జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే మందు అక్కడికే వెళ్లాలి. స్టెరాయిడ్ విషయంలోనూ అలాగే ఆలోచించారు. చర్మానికి రాసే స్టెరాయిడ్ చర్మం వాపు తగ్గిస్తుంటే, గొట్టాల లోపలి వాపు ఎందుకు తగ్గించదు? ఆ రకానికే చెందిన బెక్లోమెథాసోన్‌ను పంపులో పెట్టారు. 1972లో వచ్చింది. స్టెరాయిడ్ మాత్రలు మింగి మింగి ముఖం ఉబ్బి, ఎముకలు గుల్లబారిన రోగులకు అదొక విడుదల. (స్టెరాయిడ్ పేరు చెబితే టెన్షన్ పడే మనవాళ్లే బెట్నోవేట్ అనే స్టెరాయిడ్ క్రీము తెల్లబడటానికి ముఖానికి రాసుకుంటారు. ఏమనాలి?)

1990లో ఆయన బృందం నుంచే పన్నెండు గంటలు పనిచేసే సాల్మెటెరాల్ వచ్చింది. వీటన్నిటి సారం రోగికి ఇంకా చేరలేదనే నా బాధ. సాల్బ్యుటమాల్ గొట్టాన్ని తెరుస్తుందే కానీ వాపు తగ్గించదు. పెద్దలకైనా, ఎదిగిన పిల్లలకైనా ఉబ్బసానికి అదొక్కటే వాడుకుంటూ పోవద్దని గినా అనే అంతర్జాతీయ నిపుణుల సంస్థ 2019లో తేల్చి చెప్పింది. పిల్లికూతలు వచ్చినప్పుడల్లా పఫ్ కొట్టి, తగ్గిందని డాక్టరు రాసిన స్టెరాయిడ్ పంపు మానేయడం మనం చేస్తున్న పని.

చీమకుర్తి నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ వేరు, ఉబ్బసం వేరు. ఊపిరితిత్తుల్లో పడిన ఆ మచ్చల్ని ఏ పంపూ మాన్పలేదు. క్వారీలోనో, పాలిషింగ్ యూనిట్‌లోనో చేసేవాళ్లకు దగ్గు, ఆయాసం ఉంటే ముందు ఎక్స్‌రే తీయించండి. డాక్టరుకు ఏం పని చేస్తారో చెప్పడం మర్చిపోకండి.

ఇక చివరిగా ఈ బాటిల్. అరలీటరు నీళ్ల బాటిలే. అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేశాను. అక్కడ పంపు దూర్చి నొక్కి, బాటిల్ మూతి నోట్లో పెట్టుకుని మెల్లగా గాలి పీల్చాలి. నేరుగా కొడితే నోట్లోనే పడిపోయే మందు ఇప్పుడు లోపలికి వెళుతుంది. దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి 1999లో ప్రచురించిన ఉపాయం ఇది. ఈ పని కోసమే అమ్మే గొట్టం, స్పేసర్ అంటారు, కొనగలిగితే అదే కొనండి, లేనప్పుడు ఇది. స్టెరాయిడ్ పంపయితే తర్వాత నోరు పుక్కిలించాలి. పంపులు తెచ్చుకున్నవాళ్లు స్టేజీ మీదకు రండి, ఎలా కొడుతున్నారో చూస్తాను. పెద్దమ్మా, ముందు మీరే రండి.